ఎడమ బాక్సు

మధ్యాహ్నం మూడు దాటింది. డాన్స్ స్కూల్ హాల్లో పాత యాంప్లిఫయర్ వెనక వయొలిన్ మాస్టారు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. స్కూలు నడిపే టీచరు పక్కనే టార్చి పట్టుకుని నిలబడింది.

"ఇటు కాదు, కిందకి కొట్టు లైటు. నా మొహం మీద కాదమ్మాయ్, సాకెట్ల మీద."

"సారీ బాబాయ్. ఇప్పుడు కనపడుతోందా?"

"కనపడుతోంది, బూజు. మీ అమ్మ ఉండగా నెలకోసారి దీని వెనకాల తుడిపించేది. సరే, నువ్వు పెట్టినప్పుడు ఏమైందో మళ్లీ చెప్పు."

"ప్లే నొక్కగానే గుయ్యిమంది. లోపల పాట ఉంది కానీ పగిలిపోయి, గొంతులో కంకర పోసినట్టు..."

"సౌండు ఎంత పెట్టావు?"

"కొంచెమే. అయినా కిటికీ అద్దాలు అదిరిపోయాయి. భయమేసి పీకేశా. రిపేరు షాపతన్ని పిలిస్తే, ముసలి సరుకు మేడమ్, పారేయండి అన్నాడు."

"అంటాడు. విప్పడం రానివాడు పారెయ్యమనే అంటాడు. ఆఁ, దొరికాడు దొంగ! ఎర్ర పిన్ను, తెల్ల పిన్ను ఎందులో దూర్చావో చూశావా?"

"ఎరుపులో ఎరుపు, తెలుపులో తెలుపు. సరిగ్గానే పెట్టాగా?"

"రంగు చూశావు గానీ పైన రాసింది చదవలేదు. ఇది రికార్డులు తిప్పే గ్రామఫోన్ కోసం పెట్టిన దారి. సూది గీస్తే వచ్చే శబ్దం చీమ గొంతంత. ఆ చీమని ఏనుగంత చెయ్యడం ఈ సాకెట్ పని. నీ కొత్త ప్లేయర్ డబ్బా పంపేదే ఏనుగుని. ఏనుగుని తెచ్చి చీమల పుట్టలోకి తోస్తే మూలగదా మరి?"

"అయితే ఎందులో పెట్టాలి?"

"ఈ పక్క దాంట్లో. అక్షరాలు చెరిగిపోయాయి, ఆక్స్ అని ఉండేది. అంటే ఎవరొచ్చినా సరే, తలుపు తీసే ఉంది అని అర్థం."

"దీనికి పెన్‌డ్రైవ్ పెట్టే చోటే లేదు. అసలు పాడుతుందా అనుకున్నా."

"పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ అంకెలమ్మా. ఈ పెట్టెకి అంకెలు రావు. అలలు తప్ప వేరే భాష తెలీదు దీనికి. అగ్గిపెట్టెంత ప్లేయర్ కొన్నావే, అది మధ్యలో దుబాసీ. అంకెలు చదివి, అలలు చేసి, వైరులో దీనికి చెప్తుంది. ఎప్పుడు కొన్నావు దీన్ని?"

"మొన్నెప్పుడో."

"ఇంతకీ దేనికిదంతా?"

"ఊరికే."

"ఊరికేనా?"

"ఊరికే అంటే... పిల్లలు ఒళ్లు సాగదీసేటప్పుడు వెనకాల ఏదో ఒకటి వినపడుతూ ఉండాలి కదా. నువ్వొచ్చేలోపు."

"నేను ఆలస్యంగా ఎప్పుడొచ్చానే?"

"రాలేదు. రాలేదనుకో. ఎప్పుడైనా వర్షం గిర్షం పడితే..."

"వర్షంలో కూడా వచ్చా. మోకాలి లోతు నీళ్లల్లో వయొలిన్ నెత్తిన పెట్టుకుని వచ్చా. పెన్సిల్ రబ్బరుందా?"

"రబ్బరెందుకు?"

"సాకెట్‌కి చిలుం పట్టింది. రుద్దితే పోతుంది."

"పిల్లల బ్యాగులో ఎక్కడో... ఇదిగో."

"ఇలా ఇయ్. ఈలోపు నువ్వు ఆ రెండు ప్లగ్గులూ ఒకే బోర్డుకి పెట్టు. ఒకటి ఇక్కడా ఒకటి అక్కడా ఉంటే సన్నగా రొద పెడుతుంది. ప్లేయర్‌లో సౌండు బాగా పెంచు, పెట్టెలో తగ్గించు. పిల్లి పాలు తాగినట్టు నెమ్మదిగా మొదలెట్టాలి. ఆఁ, అయిపోయింది. నొక్కు."

"నువ్వెళ్లి కాఫీ తాగిరా బాబాయ్. మిగతాది నేను చూసుకుంటా."

"వైరు పెట్టినవాడు వినకుండా పోతాడా? నొక్కు."

"పిల్లలొచ్చే టైమైంది..."

"నాలుగింటికి కదా. ఇంకా ముప్పావుగంట ఉంది. చెయ్యి తియ్యి, నేనే నొక్కుతా."

"బాబాయ్, ఒక్క నిమిషం..."

"ఉష్. విను. చూశావా, ఆ గుయ్యి పోయింది. ఎంత శుభ్రంగా ఉందో. వయొలినేగా ఇది? ఇది... ఇది నేనేగా!"

"అవును."

"నేనే! వేసవిలో ఫ్యాన్లు ఆపించి, కిటికీలు మూయించి, నాలుగు రోజులు చెమటలు కక్కిస్తూ వాయింపించావు, అదేగా? పిల్లలు ఇంట్లో ప్రాక్టీసు చేసుకోవడానికి అన్నావు."

"అదే. ఇప్పుడు సౌండు చూడ్డానికి చేతికి దొరికింది పెట్టా."

"పర్లేదే, వీడు బాగానే వాయిస్తున్నాడు. రెండో చుట్టు తొందరపడ్డాడు వెధవ. ఈ చిన్న అద్దంలో పేర్లేవో వస్తున్నాయి, ఉండు, కళ్లజోడు... సోమవారం ఒకటి. సోమవారం రెండు."

"అవి ఏదో గుర్తుకి పెట్టుకున్నా. ఆపెయ్ బాబాయ్."

"సోమవారం తొమ్మిది. బుధవారం ఒకటి. బుధవారం రెండు..."

"బాబాయ్."

"పిల్లలు ఇంట్లో ప్రాక్టీసు చేసుకునేదానికి వారాలెందుకమ్మా?"

"ఎందుకంటే... ఏ రోజు పాఠం ఆ రోజు..."

"సోమ, బుధ, శుక్ర. నేనొచ్చే రోజులు."

"కూర్చో బాబాయ్, చెప్తా."

"నేను కూర్చునే ఉన్నా. నేల మీద. నిలబడింది నువ్వు."

"ఎలా చెప్పాలో తెలీక..."

"ఎప్పట్నుంచి?"

"ఏంటి ఎప్పట్నుంచి?"

"ఇది ఎప్పట్నుంచి వాయిస్తుంది? నేను ఎప్పట్నుంచి మానెయ్యాలి?"

"వచ్చే... వచ్చే సోమవారం నుంచి."

"ఇవాళ బుధవారం. అంటే ఎల్లుండితో సరి."

"ఎల్లుండి చెబుదామనే అనుకున్నా."

"క్లాసుకి ముందా, అయ్యాకా?"

"అయ్యాక."

"మంచి ఆలోచనే. ముందు చెప్తే తాళం తప్పేది."

"తిట్టు బాబాయ్. తిట్టు, నేనేం అనుకోను."

"ఏమని తిట్టను? నా గొయ్యి నాచేతే తవ్వించావు. తవ్వించి ఊరుకోక, కొలతలు సరిపోయాయో లేదో చూడమని కూడా నన్నే పిలిచావు. వైరు పెట్టడానికి వేరే ఎవడూ దొరకలేదటే?"

"దీని సంగతి నీకు తప్ప ఎవరికీ తెలీదుగా."

"అదీ నిజమే."

"నవ్వకు. నువ్వు నవ్వుతుంటే ఇంకా..."

"ఏడవమంటావా? నేను ఈ స్కూల్లో మీ అమ్మ దగ్గర చేరేటప్పటికి నీకు ఐదేళ్లు. వయొలిన్ బయటికి తీయడం ఆలస్యం, ఆ పెట్టెలో నీ బొమ్మని పడుకోబెట్టి మూత వేసేదానివి. క్లాసు అయ్యాక తెరిస్తే బొమ్మ లేచి కూర్చుంటుందనే దానివి. అలాంటి దానివి, నాతో ఒక్క మాట ముందు చెప్పలేకపోయావు."

"చెప్పాలని మూడుసార్లు మీ ఇంటి దాకా వచ్చా. లోపల వయొలిన్ వినపడేది. వెనక్కి వెళ్లిపోయేదాన్ని."

"తలుపు కొట్టాల్సింది. సరేలే. పేరెంట్సా?"

"మీటింగు పెట్టారు. పెద్దాయన్ని మారిస్తే సరేసరి, లేకపోతే పిల్లల్ని మానిపిస్తామన్నారు. పద్దెనిమిది మంది సంతకాలు పెట్టారు."

"జిరాఫీ వాళ్ల నాన్న?"

"మొదటి సంతకం ఆయనదే."

"పెట్టడా మరి. మడమ విరిగింది వాళ్ల పిల్లది. ఆరు నెలలైనా రెండు మేకులు లోపలే ఉన్నాయి. అంత పొడుగు పిల్ల, ఎగిరితే గాల్లో ఒక అర నిమిషం ఉండిపోతుందేమో అనిపించేది. జిరాఫీ అని పేరు పెట్టింది కూడా నేనే."

"ఇప్పుడు అవన్నీ ఎందుకు బాబాయ్?"

"నిజమే. పని సగంలో ఉంది. పద, స్పీకర్ బాక్సులు చూద్దాం."

"వద్దు. తీసేద్దాం ఇదంతా. నాకొద్దు. వాళ్లు మానిపించుకుంటే మానిపించుకోనీ."

"మాటలు వద్దు. పద్దెనిమిది మంది పోతే ఈ హాలెందుకు, నువ్వెందుకు? పట్టుకున్న పని వదిలే అలవాటు నాకు లేదు. పాట పెట్టు. నేను మధ్యలో నిలబడతా."

"పెట్టా."

"ఎడమ బాక్సు పలకట్లేదు."

"పలుకుతోందిగా."

"ఎక్కడ పలుకుతోంది? అంతా కుడివైపు నుంచే వస్తోంది. తెల్ల పిన్ను వదులైనట్టుంది. ఉండు, తెలుపూ ఎరుపూ అటూ ఇటూ మార్చి చూస్తా. ఇప్పుడు? లేదు, అదే కథ. అంటే తప్పు నీ ప్లేయర్‌ది కాదు, బాక్సుది. స్క్రూడ్రైవరు తే, విప్పుదాం."

"బాబాయ్, నేను దీని పక్కనే నిలబడ్డా. బాగానే పలుకుతోంది. ఆ మాటకొస్తే రెండోదానికంటే ఇదే గట్టిగా ఉంది."

"నాకు చెప్తావా? నలభై ఏళ్లుగా ఈ బాక్సుల పక్కన..."

"చెయ్యి పెట్టి చూడు. ఇక్కడ, ఈ గుడ్డ మీద."

"పెట్టా. అయితే?"

"అదురుతోందా లేదా?"

"అదురుతోంది."

"మరి?"

"అదురుతోంది. నిజమే, అదురుతోంది. నువ్వు అక్కడే ఉండు. నేను మళ్లీ మధ్యలోకెళ్లి గోడవైపు తిరుగుతా."

"ఎందుకు?"

"తిరిగా. ఆఁ."

"ఏమైంది?"

"ఇప్పుడు కుడి బాక్సు పలకట్లేదు."

"ఇందాక అదే బాగుందన్నావు!"

"అన్నాను. బాక్సులకేం కాలేదమ్మాయ్. తిరిగింది నేను."

"బాబాయ్..."

"పాట ఆపెయ్."

"ఆపేశా. ఎప్పట్నుంచి ఇలా?"

"తగ్గిందని తెలుసు. ఏడాది పైనే అయింది. ఫోను ఎడమ చెవికి పెట్టుకుంటే అవతలివాళ్లు నూతిలోంచి మాట్లాడినట్టుండేది. ఫోన్ని తిట్టా. కొత్తది కొన్నా. కొత్తదాన్నీ తిట్టా. మనిషి ముందు వస్తువుని అనుమానిస్తాడు, తర్వాత పక్కవాణ్ణి. తన మీదకి రావడానికి చాలా టైము పడుతుంది. తగ్గిందనుకున్నా గానీ, ఇంత... మొత్తం పోయిందని ఇప్పుడే తెలిసింది."

"డాక్టరు దగ్గరికి వెళ్లలేదా?"

"వెళ్తే పేరు పెడతాడు. పేరు పెడితే నలుగురికీ తెలుస్తుంది. చెవి పోయిన వయొలిన్‌వాణ్ణి ఎవరు పిలుస్తారు? నువ్వు పిలుస్తావా?"

"వయొలిన్ వాయించడానికి ఇబ్బంది లేదా?"

"చేతికి తెలుసుగా. దవడ ఎముకలోంచి కూడా వినపడుతుంది. అదీగాక ఇంకో చెవి ఉంది. ఎనిమిదో ఏట నుంచి ఈ ఎడమ చెవి కిందే పెట్టి గీకుతున్నా. అరవై ఏళ్లు దాని చెవిలోనే అరిచా. అది మాత్రం ఎన్నాళ్లని వింటుంది?"

"నాతో చెప్పాల్సింది."

"నువ్వు నాతో చెప్పాల్సింది, నేను నీతో చెప్పాల్సింది. ఇద్దరం మూగనోము పట్టాం. అమ్మాయ్, ఒక మాట. నేను క్లాసులో ఎక్కడ కూర్చుంటా?"

"ఆ స్తంభం పక్కన."

"ఎటు తిరిగి?"

"కిటికీ వైపు. ఎందుకు?"

"అప్పుడు పిల్లలు నాకు ఏ వైపు ఉంటారు?"

"ఎడమవైపు. వదిలెయ్ బాబాయ్."

"జిరాఫీ పడ్డ రోజు నువ్వు ఎక్కడున్నావు?"

"వదిలెయ్ అన్నానా?"

"తలుపు దగ్గరున్నావు. అదీ నా ఎడమే. పిల్లలు ఒకళ్ల వెనక ఒకళ్లు పరిగెత్తుకొచ్చి గెంతుతున్నారు. జిరాఫీ ముందున్న చిన్నపిల్ల జారి పడింది. పడగానే నువ్వు 'ఆపండి' అని అరిచావు. మూడుసార్లు అరిచానని తర్వాత నువ్వే చెప్పావు. నేను కళ్లు మూసుకుని వాయిస్తూనే ఉన్నా. పాట నడుస్తుంటే పిల్లలెందుకు ఆగుతారు? జిరాఫీ గెంతేసింది. గాల్లో ఉండగా కింద పిల్లని చూసింది. దాని మీద పడకూడదని కాలు తిప్పుకుంది. అదీ జరిగింది. నీ అరుపు ఈ చెవిలో ఒక్కసారి పడుంటే..."

"అలా అనుకోకు."

"ఎలా అనుకోకుండా ఉండను? ఆరు నెలలుగా అదే ఆలోచన. వినపడీ వాయించానా? నిద్రపోయానా? కళ్లు మూసుకుంటే లోకం ఎలా పోయినా పర్లేదనుకునేంత గర్వమా నాకు? ఒకరోజు పిల్లల్ని కూడా అడిగా."

"పిల్లల్నా? ఏమని?"

"టీచర్ అరవడం మీకు వినపడిందా అని."

"ఏమన్నారు?"

"లేదు తాతయ్యా, మాకూ వినపడలేదు అన్నారు. పాపం, వెర్రి నాగన్నలు. నన్ను వెనకేసుకొచ్చారు."

"నువ్వు అడక్కుండా ఉండాల్సింది."

"ఎందుకు?"

"ఊరికే. పిల్లలు భయపడతారు కదా."

"భయపడలేదు. ఒకత్తి నాకు చాక్లెట్ కూడా ఇచ్చింది. ఆదివారాలు ఎక్కడికెళ్తున్నానో నీకు తెలుసా?"

"ఎక్కడికి?"

"జిరాఫీ వాళ్లింటికి. లోపలికి రానివ్వరు. వాళ్ల నాన్న గేటు దగ్గరకొచ్చి, మొదట్లో 'చెవులు ఎక్కడ పెట్టుకున్నావయ్యా' అని అరిచేవాడు. తర్వాత అరవడం మానేశాడు. వచ్చి నిలబడతాడు, నేనూ నిలబడతా. ఇద్దరం కాసేపు రోడ్డు చూస్తాం. ఆ పిల్ల మాత్రం పై కిటికీలోంచి చెయ్యి ఊపుతుంది. ఊపకపోతే బాగుండు అనిపిస్తుంది ఒక్కోసారి."

"ప్రతి ఆదివారమా?"

"రెండు వారాలు జ్వరమొచ్చింది. అవి తప్ప."

"ఆరు నెలలుగా నాకు చెప్పకుండా..."

"చెప్పేదేముంది? ఇంట్లో వయొలిన్ నేర్చుకునే నలుగురు పిల్లల్నీ మానిపించేశా. ఎదుటివాళ్ల కాలు విరిగినా తెలీనివాడు ఒకళ్లకి పాఠమేం చెప్తాడు?"

"అయ్యో బాబాయ్, వాళ్లనెందుకు? వాళ్లకీ దీనికీ ఏం సంబంధం?"

"నాకు ఉందనిపించింది. ఇదుగో, ఏడవకు. నిజం చెప్పనా, ఇవాళ నాకు ఎంత తేలిగ్గా ఉందో! చెవి పోయిందని తెలిసి సంతోషించే వయొలిన్‌వాడు లోకంలో నేనొక్కణ్ణేనేమో. వినపడీ వాయించలేదు. గర్వం కాదు, నిద్ర కాదు. వినపడలేదు, అంతే. చెవిది తప్పు. చెవిని తిట్టుకుంటూ బతకొచ్చు. మనసుని తిట్టుకుంటూ బతకడం కష్టం."

"నువ్వు ఆ పాఠాలు మళ్లీ మొదలుపెట్టు."

"చూద్దాంలే. రా, ముందు ఇది నేర్చుకో. ఇది రిమోటు. ఇది ఆపే బటన్. ఈ మిషన్‌కి అసలు చెవే లేదు, ఆ లెక్కన నాకంటే అధ్వాన్నం. నువ్వు ఎంత అరిచినా వాయిస్తూనే ఉంటుంది. కానీ ఆపేది నీ చేతిలో ఉంటుంది. పిల్లలు గెంతేటప్పుడు వేలు దీని మీదే ఉండాలి. కళ్లు పిల్లల మీద. ఫోను బ్యాగులో పడేసి జిప్పు వేసుకో."

"ఫోనెందుకన్నావు?"

"ఎందుకేముంది, అందరి చేతుల్లోనూ అదేగా. రెండు చేతులూ ఖాళీగా ఉండాలని. ఎందుకలా చూస్తావు?"

"ఏం లేదు."

"ఒకసారి నొక్కి చూపించు. ఆఁ. మళ్లీ నొక్కు. చూడకుండా నొక్కు. సరే, వస్తుందిలే. ఇంక నా వయొలిన్ పెట్టె ఇటు ఇయ్యి."

"ఇప్పుడే వెళ్తావా? ఇవాళ క్లాసు..."

"ఇవాళ్టి నుంచే దీన్ని వాయించనీ. ఒక చెవితో ఇంకోసారి ఆ స్తంభం పక్కన కూర్చోను. కూర్చోకూడదు కూడా. పిల్లలకి ఏదో ఒకటి చెప్పు. ఊరెళ్లానని చెప్పు."

"ఎక్కడికెళ్తున్నావు? ఇంటికేనా?"

"ముందు జిరాఫీ వాళ్లింటికి."

"ఇవాళ ఆదివారం కాదుగా!"

"కాకపోతేనేం? ఇవాళ చెప్పడానికి ఒక మాట దొరికింది. రేపు చెవి డాక్టరు దగ్గరికెళ్లి కాగితం కూడా రాయించుకొస్తా. అది పట్టుకెళ్లి ఆయన చేతిలో పెడతా. ఆ పద్దెనిమిది మందికీ తలా ఒకటి జిరాక్స్ తీయించి ఇస్తా. అందులో నీ మీద అనుమానం ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల నోరు మూతపడుతుంది."

"నా మీద ఎవరికీ అనుమానం లేదు."

"ఉండకూడదనే. స్కూలుకి మచ్చ ఉండకూడదు. పంతులమ్మ అరిచింది, పెద్దాయనకి చెవుడు, వినపడలేదు. చిన్న మాట. ఎవడికైనా అర్థమవుతుంది."

"వద్దు బాబాయ్. కాగితాలొద్దు. ఎవరి దగ్గరికీ వెళ్లొద్దు."

"నీకేం పోయింది? చెవుడని నలుగురికీ తెలిస్తే సిగ్గు నాకు. ఆ సిగ్గేదో పడనీ. ఆరు నెలల నుంచి పడుతున్నదానికంటే చిన్నదేగా."

"అది కాదు. నేను చెప్పేది విను."

"కుడివైపుకి వచ్చి చెప్పు, వింటా. హాస్యానికన్నాలే. ఉండు, ముందు నన్ను ఒకటి చెప్పనీ. ఇది చెప్పకుండా ఈ గుమ్మం దాటితే నాకు నిద్ర పట్టదు."

"ఏంటి?"

"పిల్లలు మాకూ వినపడలేదన్నారని చెప్పానా? ఆ రోజు ఇంటికెళ్లాక ఒక పాడు ఆలోచన వచ్చింది. నువ్వు అసలు అరిచావా అని. నిన్ను ఎత్తుకు తిరిగినవాణ్ణి. మీ అమ్మ చేతిలో అన్నం తిన్నవాణ్ణి. నా తప్పు నీ మీదకి తోసెయ్యడానికి దారి వెతుక్కున్నా. ఒక్కరోజు కాదు, చాలా రోజులు. నిన్ను చూసినప్పుడల్లా లోపల అదే. తప్పు చేశానమ్మా. నన్ను క్షమించు."

"క్షమించమని అనకు."

"ఎందుకనకూడదు? పెద్దవాణ్ణి అయితే మాత్రం?"

"అనకు బాబాయ్, నీకు దణ్ణం పెడతా. ఆ మాట మాత్రం అనకు."

"నువ్వు గొంతు చించుకుని మూడుసార్లు అరిస్తే, వినపడక నేను కూర్చున్నా. పైపెచ్చు నిన్నే అనుమానించా. అనక ఏం చెయ్యమంటావు?"

"నేను అరిస్తేగా బాబాయ్, నీకు వినపడటానికి."